రెండు గంటల ఇరవై నిమిషాలు

రాత్రి ఒంటిగంట నలభైకి ఫోన్ మోగింది. మా చిన్నోడి స్నేహితుడి పేరు కనిపించింది. అర్ధరాత్రి పిల్లల దగ్గర్నుంచి ఫోన్ వస్తే ముందు కాళ్లు వణుకుతాయి, ఆ తర్వాతే చెయ్యి ఫోన్ అందుకుంటుంది. "ఆంటీ, వాడు లేవట్లేదు" అన్నాడు. ఆ తర్వాత ఏడుపు తప్ప మాట లేదు.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. మా వాడిని అడిగాకే రాస్తున్నాను. "నా పేరు పెట్టకు, మిగతాది రాసుకో అమ్మా" అన్నాడు. అప్పటికి వాడికి పదహారు నిండి రెండు నెలలు. పరీక్షలు అయిపోయాయి, ఫ్రెండ్ ఇంట్లో సినిమా చూసి అక్కడే పడుకుంటామని చెప్పి వెళ్లాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఆ రాత్రి లేరు. ఆ సంగతి వాడు చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కాలేయం బొమ్మ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీస్తాను. మద్యం వల్ల ఒంటికి జరిగే నష్టం గురించి ప్రతి ఏడాదీ ఒక పీరియడ్ పూర్తిగా చెబుతాను. మా వాడు చదివిందీ మా స్కూల్లోనే. ఆ పాఠం మూడో బెంచీలో కూర్చుని విన్నాడు, నోట్సు కూడా రాసుకున్నాడు, ఆ పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. అందుకే ఇప్పుడు ఎవరైనా "పిల్లలకు అవగాహన లేక తాగుతున్నారండీ" అంటే నేను ఒప్పుకోలేను. అవగాహన మా ఇంట్లో బోలెడంత ఉంది.

మేం వెళ్లేసరికి వాడు సోఫాలో వెల్లకిలా పడి ఉన్నాడు. జుట్టు తడిగా ఉంది. చొక్కా మీద కాఫీ మరక. పెదవి చివర వాంతి ఆరిపోయి ఉంది. చేతులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. గట్టిగా పిలిచాను, భుజం తట్టాను, కనురెప్ప కూడా కదలలేదు. వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వాచీ చూసుకుంటూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి తొమ్మిది. ఎనిమిది కంటే తగ్గినా, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా ప్రాణం మీదికి వచ్చినట్టే. నేను లెక్కపెడుతుంటే మా ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. మిగతా నలుగురు పిల్లలూ గోడకు ఆనుకుని నిలబడ్డారు, ఒక్కడు కూడా తల ఎత్తలేదు.

ఆసుపత్రిలో ముందు షుగర్ చూశారు. చిన్న వయసులో ఎక్కువ తాగితే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. సెలైన్ పెట్టారు, గొంతుకు ఏదీ అడ్డం పడకుండా తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉన్నారు. ఏడు గంటలకు కళ్లు తెరిచాడు. నన్ను చూసి వాడు అడిగిన మొదటి మాట, "నాన్నకు తెలుసా?" వాళ్ల నాన్న మంచం తల దగ్గర కుర్చీలోనే ఉన్నారు. ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు. కోపంతో అనుకున్నాను. వెళ్లి చూస్తే గోడవైపు తిరిగి ఏడుస్తున్నారు.

ఫోన్ చేసిన పిల్లవాడు పొద్దున ఆసుపత్రికి వచ్చాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఎప్పటినుంచి లేవట్లేదు నాన్నా?" అని అడిగాను. తన ఫోన్ తీసి నాకు చూపించాడు. పదకొండు ఇరవైకి ఆ ఇంట్లోనే ఇంకో గదిలో ఉన్న స్నేహితుడికి మెసేజ్ పెట్టాడు: "వీడు అస్సలు లేవట్లేదురా, ఆంటీకి చేసేయనా?" అవతలి నుంచి జవాబు: "పిచ్చా? చంపేస్తారు. కాఫీ పట్టు." ఆ మెసేజ్ పెట్టాక నా నంబర్ తీసి చేతిలో పెట్టుకునే కూర్చున్నాడట. నొక్కలేదు. పదకొండు ఇరవై నుంచి ఒంటిగంట నలభై వరకు నెత్తిన చన్నీళ్లు పోశారు, కాఫీ పోశారు, లేపి కూర్చోబెట్టారు, మళ్లీ పడుకోబెట్టారు. మత్తు దిగడానికి ఏం చేయాలో ఫోన్లలో వెతికారు. "మీరు తిడతారని భయమేసింది ఆంటీ" అన్నాడు.

ఆ రెండు గంటల ఇరవై నిమిషాలు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు. ఆ ఇంట్లో ఐదుగురు పిల్లలు ఉన్నారు, ఐదు ఫోన్లు ఉన్నాయి, మా ఇల్లు పావుగంట దూరంలో ఉంది. వాళ్లకు వాడి మీద ప్రేమ లేక కాదు. వాళ్ల భయమంతా మా గురించే. తాగడం తప్పని మేం నేర్పింది వాళ్లకు బాగానే ఎక్కింది. తప్పు జరిగాక ఎవరి దగ్గరికి పరిగెత్తాలో మాత్రం మేం నేర్పలేదు.

ఇక్కడ ఒక్క విషయం టీచర్‌గా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లకూ ఇది సరిగ్గా తెలియదు. మద్యాన్ని కాలేయం తన వేగంతోనే విరగ్గొడుతుంది, దాదాపు గంటకు ఒక చిన్న పెగ్గు లెక్కన. కాఫీ తాగించినా, తలమీద నీళ్లు కుమ్మరించినా, నడిపించినా ఆ వేగం పెరగదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో కాఫీ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. "పడుకుంటే అదే దిగిపోతుంది" అన్నది అన్నిటికంటే ప్రమాదం. గబగబా తాగేసి పడుకున్నవాడి కడుపులో ఉన్న మద్యం నిద్రలోనూ రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. పదకొండింటికి ఉన్న మత్తు పన్నెండున్నరకు ఇంకా పెరగొచ్చు. వాంతిని బయటికి తోసేసే దగ్గు కూడా రానంత మత్తులో వెల్లకిలా పడుకుంటే, ఆ వాంతే గొంతుకు అడ్డం పడి ప్రాణం పోవచ్చు. మా వాడు వెల్లకిలానే ఉన్నాడు.

ఇంటికి తీసుకొచ్చాక మొదటి పదిహేను రోజులు నేను చేసినవన్నీ తప్పులే. గుమ్మంలోకి రాగానే నోరు వాసన చూసేదాన్ని. బ్యాగు వెతికేదాన్ని. అన్నం పెడుతూ కూడా లెక్చర్ ఇచ్చేదాన్ని. వాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఒక రోజు రాత్రి తలుపు దగ్గర నిలబడి, "నేను నిన్ను ఏమీ అననురా, నాకు అర్థం కావాలి, అంతే" అన్నాను. చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత మూడు రోజులకు, ఇద్దరం నడుచుకుంటూ వెళ్తుంటే, వాడే మొదలుపెట్టాడు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయని అప్పుడే తెలిసింది.

"ఎవరూ నన్ను తాగమనలేదమ్మా" అన్నాడు. నేను అన్నాళ్లూ ఆ నలుగురు పిల్లల్నీ మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. "అందరూ జోకులేసుకుంటుంటే నాకు మాట రాదు. ఏమన్నా అంటే తప్పుగా అంటానేమోనని టెన్షన్. మొదటిసారి తాగినప్పుడు ఆ టెన్షన్ పోయింది. నేను కూడా నవ్వించగలిగాను." ఆ మొదటిసారి ఐదు నెలల ముందటిది. తియ్యగా, రంగు నీళ్లలా ఉండే ఏదో సీసా, అందులో మందు ఉన్నట్టే అనిపించలేదట. ఆ రోజు వాడికి దొరికింది మత్తు కాదు, గుంపులో చోటు. పదహారేళ్లవాడికి అంతకంటే విలువైనది ఇంకేముంటుంది? దాని ముందు నా కాలేయం బొమ్మ ఏం నిలబడుతుంది?

ఇంకొంచెం దూరం నడిచాక ఇంకో మాట అన్నాడు. "నాన్న కూడా అంతే కదా. టెన్షన్ ఉంటేనే తాగుతారు." నిజమే. మా ఆయన తాగుబోతు కాదు, నెలకు నాలుగైదుసార్లు, అదీ ఇంట్లోనే. కానీ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ "ఈరోజు తల పగిలిపోతోంది, ఒక పెగ్గు పడితే గానీ కుదరదు" అనేవారు. ఆ మాట వాడు ఐదేళ్ల వయసు నుంచీ వింటున్నాడు. మందు గురించి నేను చెప్పిన పాఠం ఒక్క పీరియడ్. ఆయన చెప్పిన పాఠం పదకొండేళ్లు నడిచింది.

పదమూడు నుంచి పందొమ్మిది వరకు పిల్లల మెదడు ఎలా ఉంటుందో తెలిస్తే వాళ్ల మీద కోపం కొంత తగ్గుతుంది. సరదాను, పొగడ్తను, కొత్తదనాన్ని పట్టుకునే భాగాలు అప్పటికే మహా చురుగ్గా ఉంటాయి. ఆగు, ఆలోచించు అని చెప్పే ముందు భాగం మాత్రం ఇరవై అయిదేళ్ల వరకూ ముదురుతూనే ఉంటుంది. లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ అనే పరిశోధకులు 2005లో ఒక పని చేశారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల్ని, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల యువకుల్ని, ఆపై పెద్దవాళ్లని కంప్యూటర్ మీద కారు ఆట ఆడించారు, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితులు పక్కనుండగా. పెద్దవాళ్ల ఆటలో పెద్ద తేడా రాలేదు. పిల్లలు మాత్రం స్నేహితులు పక్కనుంటే ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. వాళ్లను ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు, పక్కనుంటే చాలు. మా వాడు చెప్పిందీ సరిగ్గా ఇదే.

ఇంకో చిత్రమైన సంగతి ఉంది. పెద్దవాళ్లు ఎక్కువ తాగితే నిద్ర ముంచుకొస్తుంది, అడుగు తడబడుతుంది, శరీరమే ఇక చాలంటుంది. లేత వయసులో ఈ హెచ్చరికలు తక్కువగా పనిచేస్తాయని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. జ్ఞాపకశక్తికి తగిలే దెబ్బ మాత్రం ఆ వయసులోనే ఎక్కువ. అంటే పిల్లవాడు హుషారుగా నిలబడి ఇంకో గ్లాసు అందుకుంటాడు, లోపల మెదడు అప్పటికే జ్ఞాపకాలు రాసుకోవడం ఆపేసి ఉంటుంది. ఆ రాత్రి పది తర్వాత ఏం జరిగిందో మా వాడికి ఈ రోజుకీ గుర్తు లేదు.

మా బంధువుల్లో ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. "ఇంట్లోనే మీ ఎదురుగా కొంచెం కొంచెం అలవాటు చెయ్యండమ్మా, బయట అతి చేయడు." మంచి మనసుతోనే అన్నారు, చాలామంది తల్లిదండ్రులు అలాగే అనుకుంటారు కూడా. ఆస్ట్రేలియాలో పంతొమ్మిది వందల మందికి పైగా పిల్లల్ని పన్నెండు పదమూడేళ్ల వయసు నుంచి ఆరేళ్లపాటు గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. తల్లిదండ్రులు ఇచ్చినందువల్ల పిల్లలకు ఏ మేలూ కనబడలేదు. పైగా ఇంట్లో దొరికిన పిల్లలు బయట కూడా సంపాదించుకునే అవకాశం ఎక్కువైంది. ఆయనకు ఈ సంగతి మెల్లగా చెప్పాను. ఒప్పుకున్నారో లేదో తెలియదు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మంచిదన్నది మాత్రం నేను గట్టిగా నమ్ముతున్నాను. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద సర్వే విశ్లేషణలో, పద్నాలుగేళ్లకో అంతకు ముందో మొదలుపెట్టినవాళ్లలో 40 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై ఏళ్లకో ఆ తర్వాతో మొదలుపెట్టినవాళ్లలో అది సుమారు 10 శాతం. తొందరగా మొదలుపెట్టడమే ఇంతకూ కారణమని అనలేం. ఆ వయసులో సీసా పట్టుకునే పిల్లల్లో చాలామందికి అప్పటికే ఇంట్లోనో మనసులోనో ఏదో బాధ ఉంటుంది. వంశంలో తాగుడు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. కానీ ఈ లెక్క విన్నాక నాకు అర్థమైంది ఇది: ప్రతి ఏడాది వాయిదా కూడా లాభమే.

మా ఆయన పూర్తిగా మానలేదు. ఉన్నదున్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. సీసా ఇంట్లో పెట్టడం మానేశారు. ముఖ్యంగా టెన్షన్ అన్న మాట, పెగ్గు అన్న మాట ఒకే వాక్యంలో అనడం మానేశారు. ఆఫీసులో గొడవైన రోజు చెప్పులు విప్పకుండానే "రారా, ఒక చుట్టు నడిచొద్దాం" అని వాడిని పిలుస్తారు. వాడికి గుంపులో మాట పెగలకపోవడం వట్టి సిగ్గు కాదు, అదొక ఆందోళన సమస్య అని కౌన్సెలర్ చెప్పారు. కొన్ని నెలలు ఆమె దగ్గరికి వెళ్లాడు. మాట రానప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి, అనుకున్నది తప్పుగా అనేసినా మళ్లీ ఎలా అందుకోవాలి, ఇలాంటివి నేర్పారు. మేం "వాడు కొంచెం మొహమాటస్తుడు" అని నవ్వుకుంటూ చెప్పుకున్న దానికి వైద్యం ఉందని ముందే తెలిసుంటే, వాడు ఆ తీపి సీసాలో వెతుక్కునేవాడు కాదేమో.

క్లాసులో కూడా నా పాఠం మారింది. ముందు పిల్లలందరికీ చీటీలు ఇస్తాను, పేర్లు రాయొద్దంటాను. "నీ వయసువాళ్లలో ఎంతమంది తాగుతారనుకుంటున్నావు? నువ్వు తాగావా?" రెండే ప్రశ్నలు. ప్రతిసారీ ఊహ చాలా పెద్దది, నిజం చాలా చిన్నది. అందరూ తాగుతున్నారు, నేనొక్కడినే మిగిలిపోయానని ఒక్కొక్కరూ విడివిడిగా అనుకుంటుంటారు. లెక్క బోర్డు మీద రాశాక కొన్ని ముఖాలు తేలికపడటం నేను చూశాను. వద్దంటే ఎలా అనాలో కూడా అక్కడే అనిపిస్తాను, గట్టిగా, నోటితో. "వద్దురా, పొద్దున్నే ప్రాక్టీసు ఉంది." "వద్దు, నాకు పడదు." ముందే నోరు తిరిగిన మాటే ఆ సమయానికి బయటికొస్తుంది.

పిల్లల్లో తాగుడును ఒక దేశం మొత్తం కలిసి తగ్గించి చూపించింది. ఐస్‌లాండ్‌లో 1998లో పదిహేను పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకు ముందు నెలలో కనీసం ఒకసారి మత్తెక్కేలా తాగామన్నారు. 2016కి అది 5 శాతానికి వచ్చింది. భయపెట్టే పోస్టర్లతో సాధించింది కాదు. పిల్లలు రాత్రిళ్లు ఎప్పటివరకు బయట ఉండొచ్చో నిబంధన పెట్టారు, ఆటలకు, సంగీతానికి స్థానిక ప్రభుత్వాలు డబ్బు సాయం చేశాయి, పిల్లల పరిస్థితిని సర్వేలు చేస్తూ చూసుకున్నారు. అన్నిటికంటే నాకు నచ్చింది, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒక మాట మీద నిలబడటం. మనం పిల్లల స్నేహితుల పేర్లు తెలిస్తే చాలనుకుంటాం. వాళ్ల అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఎంతమంది దగ్గర ఉన్నాయి?

నా దగ్గర లేవు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్న ఐదుగురిలో ఇద్దరి తల్లుల్ని నేను అంతకుముందు చూసింది కూడా లేదు. నెల తర్వాత ఐదు ఇళ్లవాళ్లం మా హాల్లో కూర్చున్నాం. మొదటి అరగంట ఎవరి పిల్లవాడు తెచ్చాడన్న దానిమీదే గడిచింది. మాటలు పెరిగాయి, ఒకావిడ లేచి వెళ్లబోయారు. అప్పుడు ఆ మెసేజ్ చదివి వినిపించాను. "పిచ్చా? చంపేస్తారు. కాఫీ పట్టు." హాల్లో మాట పడిపోయింది. అది పంపిన పిల్లవాడి నాన్న తల పట్టుకుని కూర్చుండిపోయారు.

ఆ రోజు ఐదు ఇళ్లకూ ఒకే మాట అనుకున్నాం. పిల్లలు ఎవరి ఇంట్లో కలిసినా అక్కడ ఒక పెద్దవాళ్లు ఉండాలి. తాగడానికి అనుమతి ఏ ఇంట్లోనూ లేదు. కానీ ఏ పిల్లవాడైనా ఏ రాత్రి అయినా ఐదిళ్లలో ఎవరికైనా ఫోన్ చేయొచ్చు. ఫోన్ ఎత్తినవాళ్లు వెళ్లి తీసుకొస్తారు. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరు. మాట్లాడాల్సింది మర్నాడు మధ్యాహ్నం, తిని పడుకుని లేచాక. శిక్ష ఉంటే ఉంటుంది, ఫోన్ చేసినందుకు మాత్రం ఉండదు. ఒకాయన "దీంతో ఇంకా ధైర్యం వస్తుందేమోనండీ వీళ్లకు" అన్నారు. ఆ భయం నాకూ ఉంది. కానీ తొమ్మిది ఊపిర్లు లెక్కపెట్టినదాన్ని, ఫోన్ రాదేమోనన్న రెండో భయమే నాకు పెద్దది.

తర్వాతి ఆదివారం పిల్లలు ఐదుగురినీ పిలిచాను. హాల్లో చాప పరిచాను. మా వాడు తనే వచ్చి వెల్లకిలా పడుకున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసినవాణ్ణి పక్కన మోకాళ్ల మీద కూర్చోమన్నాను. నీ వైపున్న చెయ్యి పక్కకు చాపు. అవతలి చెయ్యి తెచ్చి చెంప కింద పెట్టు. అవతలి మోకాలు మడిచి, దాన్ని పట్టుకుని నీ వైపు తిప్పు. తల కొంచెం వెనక్కి, నోరు కిందికి ఉండేలా చూడు. మొదటిసారి చొక్కా పట్టుకుని లాగాడు, భుజం కదల్లేదు. చేతులు వణుకుతున్నాయి. మా వాడు కళ్లు తెరవకుండానే "మోకాలు పట్టుకోరా" అన్నాడు. రెండోసారి తేలిగ్గా తిరిగాడు.

"ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టు" అన్నాను.

వాడు వాచీ వైపు, మా వాడి వీపు వైపు మార్చి మార్చి చూస్తూ పెదవులతో లెక్కపెట్టాడు. నిమిషం అయ్యాక నా వైపు తిరిగాడు.

"పదహారు, ఆంటీ."